చప్పుడు లేని మిషన్

“గేములు ఆడే కంప్యూటర్ కావాలి బాబూ. ఎంత పెద్ద గేమైనా తడబడకుండా ఆడాలి. చప్పుడు మాత్రం రాకూడదు.”

మెకానిక్ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి తలెత్తాడు. ఎదురుగా యాభై దాటిన ఆవిడ. చేతిలో కూరల సంచి.

“మీ అబ్బాయికా అమ్మా?”

“మా ఇంట్లోకే.”

“పెద్ద గేమ్ ఆడితే లోపల పొయ్యి వెలిగించినట్టు కాలిపోతుందమ్మా. ఫ్యాన్లు తిరగాల్సిందే, గోల చేయాల్సిందే. అయినా హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆడేవాళ్ళకేం వినపడదు.”

“ఆడేవాళ్ళ సంగతి కాదు బాబూ. పక్కన పడుకునేవాళ్ళ సంగతి.”

మెకానిక్‌కి నవ్వొచ్చింది. కొడుకు ఆట ఆగకూడదు, ఈవిడ నిద్ర చెడకూడదు. అబ్బాయి పెట్టి పుట్టాడు అనుకున్నాడు.

ఆ తర్వాత ఆవిడ షాపు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

“చిన్న ఫ్యాన్లు గిరగిరా తిరిగే బదులు, పెద్దవి నిదానంగా తిరిగితే?”

కొడుకు బట్టీ పట్టించి పంపాడనుకున్నాడు మెకానిక్. అయినా మాట సబబుగానే ఉంది. ఇద్దరూ కూర్చుని ఆలోచించారు. డబ్బా లోపల మెత్తగా స్పాంజి వేద్దామన్నాడు. ఫ్యాన్ల కింద రబ్బరు బిళ్ళలు పెడదామంది. ఏ సామాను చూపించినా ఆవిడ ముందు చెవి ఆనించేది. షాపువాళ్ళు ఆవిడకి ‘చెవి పిన్ని’ అని పేరు పెట్టేశారు.

పెద్ద ఫ్యాన్లు బయటినుంచి తెప్పించాలి.

“శనివారానికల్లా చేతికి రావాలి బాబూ. ఆదివారం పనుంది.”

ఆదివారం మెకానిక్‌కీ పనుంది. ఆన్‌లైన్ ఆటల పోటీలో అతని జట్టుకి ఫైనల్. గెలిస్తే ఈ స్క్రూల బతుకు నుంచి బయటపడొచ్చని ఆశ.

ఆ ఆశకి మూలం కెప్టెన్. కెప్టెన్ ఎవరో జట్టులో ఎవరికీ తెలియదు. తన పేరు పక్కన గుడ్లగూబ బొమ్మ పెట్టుకుంటాడు. మైకులో ఒక్క మాట మాట్లాడడు, ఏం చెప్పినా టైపు చేస్తాడు. “గుడ్లగూబ కూడా అప్పుడప్పుడూ అరుస్తుంది కదరా” అని జట్టంతా ఏడిపించేవారు.

కానీ దుడుకువాడని అందరూ పొమ్మన్న మెకానిక్‌ని చేరదీసింది కెప్టెనే. ఓపిగ్గా ఆట నేర్పింది కెప్టెనే. ఈ మధ్య ప్రాక్టీసుకి సరిగా రావడం లేదు. ఆదివారం తప్పకుండా వస్తానని మాత్రం మాటిచ్చాడు.

శనివారం వచ్చింది. ఫ్యాన్లు రాలేదు.

ఆవిడ పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చుంది. అవతల ప్రాక్టీసుకి జట్టు ఎదురు చూస్తోంది. మెకానిక్ షాపులో ఉన్న మామూలు ఫ్యాన్లు తీసి బిగించేశాడు. ఆడేవాడికి చెవుల్లో హెడ్‌ఫోన్ ఉంటుంది, ఏం కొంప మునిగిపోతుందిలే అనుకున్నాడు.

ఆవిడ వంగి మిషన్‌కి చెవి ఆనించింది. బయట బస్సుల హారన్లు, పక్కన జిరాక్స్ మిషన్ మోత.

“ఏమీ వినపడటం లేదు. మనం అనుకున్న ఫ్యాన్లేగా?”

“అవేనమ్మా.”

“నీ మాట మీద తీసుకెళ్తున్నా బాబూ.”

ఆదివారం కెప్టెన్ వచ్చాడు. ముందెప్పుడూ లేనంత బాగా ఆడాడు. ఇంకొక్క రౌండు గెలిస్తే కప్పు తమదే అనగా కెప్టెన్ బొమ్మ మైదానం మధ్యలో అలా నిలబడిపోయింది. పిలిచినా పలకలేదు. ఎదుటి జట్టు వచ్చి పడగొట్టేసింది.

మెకానిక్‌కి ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే కెప్టెన్‌కి టైపు చేశాడు. “నెత్తిన పెట్టుకుంటే నట్టేట ముంచావు. ఇంక నీ మొహం చూపించకు.” మిగతావాళ్ళని ఒప్పించి జట్టులోంచి తీసేశాడు.

సోమవారం షాపుకి పార్సిల్ వచ్చింది. పెద్ద ఫ్యాన్లు.

వాటిని చూడగానే మెకానిక్‌కి మనసు చివుక్కుమంది. పార్సిల్ చంకన పెట్టుకుని ఆవిడ ఇంటికి బయల్దేరాడు.

ఒకటే గది. సగం గది మంచానికే సరిపోయింది. మంచం మీద ఎముకల గూడులా ఒక మనిషి, అప్పుడే కునుకు పట్టినట్టుంది. మంచం పక్కనే మిషన్, దాని చుట్టూ పేర్చిన దిళ్ళు.

“మెల్లగా రా బాబూ. మా ఆయనకి నిద్ర పట్టడమే గగనం. నిన్న దీని గోలకి ఉలిక్కిపడి లేచారు. నొప్పి తిరగబెట్టి విలవిల్లాడిపోయారు. ఆపేశాను.”

మెకానిక్ తల దించుకున్నాడు.

“అవి మామూలు ఫ్యాన్లమ్మా. మీకు అబద్ధం చెప్పాను.”

“ఇంట్లో పెట్టగానే తెలిసిందిలే. నీకూ ఏదో తొందర ఉండుంటుంది.”

అతను నేల మీద కూర్చుని కొత్త ఫ్యాన్లు బిగించాడు.

“మీ అబ్బాయికి సారీ చెప్పండమ్మా.”

“మాకు పిల్లల్లేరు బాబూ.”

మెకానిక్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత బటన్ నొక్కాడు. మిషన్ నడుస్తోందో లేదో తెలియలేదు. మంచం మీది మనిషి ఊపిరి ఒక్కటే వినపడుతోంది.

ఆవిడ అలవాటుగా చెవి ఆనించి చిన్నగా నవ్వింది.

“ఎంత బాగుందో! కానీ ఇంక ఎవరితో ఆడను? పిల్లలు నన్ను జట్టులోంచి తీసేశారు. ఓడిపోయారు పాపం, నా వల్లే. వాళ్ళలో ఒకడు కాస్త దుడుకు, కానీ మనసు మంచిది.”

తెర వెలిగి గుడ్లగూబ బొమ్మ కనిపించింది. దాని కింద, ఇంక నీ మొహం చూపించకు అని నిన్న తాను రాసిన మాట.