మిక్సీ అని చెప్పిన సంచి

18 నవంబర్ 2007, మొయినాబాద్. ఈ పూట దాటితే ధైర్యం చాలదని ఇప్పుడే రాస్తున్నాను.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు నాది. ముక్కుకు మాస్కు తగిలించుకుని గాలి పంపే మిషన్‌ పెట్టుకునే పడుకోవాలి. మనవరాలు సింధుజ నిశ్చితార్థం కోసం నిన్న చేవెళ్ల నుంచి ఆ మిషన్‌తోనే ఈ ఫామ్‌హౌస్‌కు వచ్చాను. పిల్లకు కాబోయే అత్త అంతమ్మ ఆటోలోంచి నా సంచి అందుకుని, "గింత బరువేంది పెద్దమ్మా?" అంది.

సిగ్గేసి, "మిక్సీ" అన్నాను.

పొద్దున ఆమె వేయించిన పల్లీల గిన్నెతో నా గదికే వచ్చింది. "వంటాయన మిక్సీ కాలిపోయింది. జర మీది ఇయ్యుండ్రి, చట్నీ పట్టాలె."

నేను కదలకపోయేసరికి నవ్వుతూ ఆమే సంచి విప్పింది. గొట్టం, మాస్కు బయటపడ్డాయి.

"ఇదెవలిది?"

అబద్ధమాడితే సింధుజ చేత గోడకుర్చీ వేయించి పెంచినదాన్ని. అయినా ఆ గొట్టాన్ని చెంగు కింద దాచబోయాను.

"నాదే అత్తమ్మా" అంది గుమ్మంలోంచి సింధుజ. "నిద్రల ఊపిరి ఆగుతది. ఎవ్వరికీ చెప్పకని అవ్వకు నేనే చెప్పిన."

కాదనడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. అంతమ్మ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు హాల్లో నిశ్చితార్థం ఉంగరాలు తిరిగి పెట్టెలో సర్దిస్తోంది.

ఇక జరగాల్సినవి:

1. మగపెళ్లివాళ్లు కారెక్కకముందే మాస్కు పెట్టుకుని నేను హాల్లోకి వెళ్లాలి.
2. జబ్బు నాది, అబద్ధం నాది అని అందరి ముందూ చెప్పాలి.
3. సింధుజ చూస్తుండగా గోడకుర్చీ వేయాలి, మోకాళ్లు ఒప్పినంతసేపు.