నెలకి రెండు సీసాలు

"ఇది నెల రోజులు రావాలమ్మా. పదిహేను రోజులకే ఎలా అయిపోతోంది?" డాక్టర్ రూతు ఖాళీ చుక్కల సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఆ మాట మందుల షాపువాణ్ణి అడగండి డాక్టరమ్మా. సగమే నింపి అమ్ముతున్నాడు," అంది చౌడేశ్వరి. "రోజూ పొద్దున్న ఆరింటికి, కంటికో చుక్క, నా చేత్తోనే వేస్తాను. రెండేళ్లలో ఒక్క రోజు తప్పలేదు."

ఆమె భర్త భావనారాయణ చేతులు కట్టుకుని పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ చల్లపల్లి నుంచి మొదటి బస్సుకి విజయవాడ వచ్చారు.

"మీరే వేసుకోవచ్చుగా?" రూతు ఆయన్ని అడిగింది.

"చేతులు వణుకుతాయండీ."

"మగ్గం నేసేటప్పుడు వణకవా?"

"మందు సీసా పట్టుకుంటేనే."

"చూశారా వేషాలు. నేను లేకపోతే ఈపాటికి గోడలు పట్టుకుని నడిచేవారు," అంది చౌడేశ్వరి.

రూతు ఆయన కంటి ప్రెజర్ చూసింది. పధ్నాలుగు. రెండేళ్ల కిందట ముప్ఫై ఉండేది. నీటికాసుల జబ్బు, అదే గ్లకోమా, అప్పటికే తినేసిన చూపు తిరిగి రాదు గానీ, మందు మొదలుపెట్టాక మిగిలిన చూపు ఆవగింజంత కూడా తగ్గలేదు.

"మందు బాగా పనిచేస్తోంది. సీసా సంగతే తేలట్లేదు. అవునూ, మీరెప్పుడైనా కళ్లు చూపించుకున్నారా అమ్మా?"

"నాకేం రోగం? తెగిన పోగు చీకట్లో కూడా ముడేస్తాను. నన్ను ఆ కుర్చీలో కూర్చోమంటే మళ్లీ మీ గడప తొక్కను."

భావనారాయణ గొంతు సవరించుకున్నాడు. "చుక్కలు ఎలా వేస్తుందో ఒకసారి మీరే చూడండి డాక్టరుగారూ."

"చూడనీండి, నాకేం భయం."

రూతు కళ్లు తడారకుండా వేసే చుక్కల సీసా ఒకటి ఇచ్చింది. చౌడేశ్వరి భర్త గడ్డం పైకెత్తి, రెప్పలు తడిమి విడదీసి, కంటికొకటి చొప్పున నొక్కింది. మొదటి చుక్క చెంప ఎముక మీద పడింది. రెండోది చెవివైపు జారిపోయింది.

"పడ్డాయా?"

"పడ్డాయి."

రూతు ఏదో అనబోయింది. భావనారాయణ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత భార్యతో, "కాసేపు బయట కూర్చో. చీటీ రాయించుకుని వస్తాను," అన్నాడు.

చౌడేశ్వరి ద్వారబంధం తడుముకుంటూ బయటికి వెళ్లింది.

"ఎన్నాళ్లుగా ఇలా?" గొంతు తగ్గించి అడిగింది రూతు.

"ఏడాదిగా."

"మరి మీ ప్రెజర్ ఎలా తగ్గింది?"

"తను వంటింట్లోకి వెళ్లగానే నేను మళ్లీ వేసుకుంటానండీ. సీసా అందుకే ఆగట్లేదు."

"అంటే మీ చేతులు వణకవు. సీసా ఏమవుతోందో మీకు తెలుసు. కళ్లు నిక్షేపంగా ఉన్నాయి. మీరు మళ్లీ రావాల్సింది జనవరిలో. రెండు నెలల ముందే ఇంత దూరం ఎందుకొచ్చారు?"

భావనారాయణ తలుపు వైపు చూశాడు.

"నా కళ్ల కోసం రాలేదండీ."