బంతిపూల మధ్య పటం

"నా ఫోటో అక్కణ్ణించి తీసేయించు నాయనా," అంది ఎఫ్రోసినా అవ్వ, మా చాక్లెట్ కంపెనీ ఆఫీసు గుమ్మంలోనే నిలబడి.

చనిపోయినవాళ్ల పండగ దగ్గరపడింది. మెక్సికోలోని మా వహాకా ఊరంతా మా పోస్టర్లే. పోయినవాళ్ల పటాలు పెట్టేందుకు బంతిపూలతో అలంకరించిన పీఠం, కొవ్వొత్తులు, పొగలు కక్కుతున్న చాక్లెట్ కప్పు, వాటి మధ్య చనిపోయిన నాయనమ్మగా పటం కట్టిన ఈ అవ్వ ఫోటో.

"బతికున్న మనిషి బొమ్మ పీఠం మీద పెడతారట్రా? మీ అమ్మ నేర్పలేదూ?"

నేర్పింది. అలా పెడితే ఏడాది తిరగకుండానే ఆ మనిషి పోతుందని మా ఇంట్లోనూ అంటారు.

"ఫోటోగ్రాఫరుకి కాగితం మీద వేలిముద్ర వేసిచ్చావు కదవ్వా. ఎక్కడైనా, ఎలాగైనా, ఎప్పటికైనా వాడుకోవచ్చని ఉంది అందులో. ఫోటో మీద హక్కు అతనిది, మాకు అమ్మేశాడు. నా చేతిలో ఏముంది చెప్పు?"

"ఇలా చచ్చినదాన్ని చేస్తామంటే వేసేదాన్నా?"

ఆవిడ ముఖం చూడలేక మాట నవ్వులాటలోకి దించాను. "అయినా ఈ వయసులో నీకింకా చావంటే భయమేంటవ్వా? మమ్మల్నందర్నీ సాగనంపిగానీ నువ్వు పోవులే."

అవ్వ నవ్వలేదు. గోడ మీది పోస్టరు దగ్గరికి వెళ్లింది. పటం అడుగుభాగాన్ని బంతిపూలు కప్పేశాయి. వాటి సందులోంచి బయటికొచ్చిన చిన్న పిడికిలి మీద వేలు పెట్టింది. అన్ని పోస్టర్లు అంటించినా నేను దాన్ని చూడనేలేదు.

"నాదేముంది నాయనా. ఇది నా ఒళ్లో ఉన్న మునిమనవరాలి చెయ్యి. ఇప్పుడిప్పుడే అడుగులేస్తోంది. దాని బదులు కూడా నేనే ముద్ర వేశాను."