ఇస్త్రీ బండి దాకా

బెంజ్ సర్కిల్ షాపులో నాగవల్లి స్టీమ్ ఐరన్లన్నీ తిప్పి తిప్పి చూసింది. "బోరు నీళ్లు పోస్తే ఎన్నాళ్లకు పాడవుతుందండీ?" అని సేల్స్‌మన్‌ని మళ్లీ అడిగింది.

"ఉప్పు పేరుకుపోయి మూణ్ణెల్లకే ఆవిరి ఆగిపోద్దమ్మా. ఫిల్టర్ నీళ్లే పోయండి."

"మా ఆవిడకి ఎంత జాగ్రత్తో!" అని భర్త అనంతకృష్ణ మురిసిపోయాడు. "కూరలు, పాలు ఫోన్లో చెబితే వచ్చేస్తున్నాయి. ఇక సందు చివర ఇస్త్రీ బండి కోసం కూడా నువ్వు గుమ్మం దిగక్కర్లేదు."

ఇంటికి రాగానే అతను తన చొక్కా బల్లమీద పరిచి, "నీళ్లు పట్టుకురా" అన్నాడు.

వంటింట్లో ఫిల్టర్ నిండుగా ఉంది. నాగవల్లి గ్లాసు పట్టుకుని, ఫిల్టర్‌ని దాటి బాత్‌రూమ్‌లోకి వెళ్లి బోరు కుళాయి తిప్పింది.