నీళ్లెవరు పోసుకున్నరు?

“సల్లగ ఉన్నయేందీ!”

బకెట్లో ముంచిన చెయ్యి విదిలించి ఎల్లమ్మ లేచి నిలబడింది. బాత్రూంలో స్టూలు మీద, నడుముకు తువ్వాలు చుట్టుకుని, ఆమె భర్త బ్రహ్మచారి కూర్చుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఒంటి మీద వేడినీళ్లు పడితే గానీ ఆయనకు కంటి మీద కునుకు రాదు.

ఆ నీళ్ల కోసమే కొడుకు దయాకర్ మేడ మీద సోలార్ పలకలు పెట్టించాడు. పగలంతా వాటి కరెంటుతో ట్యాంకులోని హీటర్ నడుస్తుంది. సాయంత్రానికి నీళ్లు కాగి ఉంటాయి. పెద్దాయన స్నానానికి సరిపోతాయి, అంతే. చిక్కల్లా పైపుతోనే. సీతాఫల్‌మండిలోని ఆ పాత ఇంట్లో కింది వాటాకూ పై వాటాకూ పైపు ఒకటే. పైన అద్దెకున్నవాళ్లు వేడినీళ్ల కుళాయి తిప్పారంటే కింద పెద్దాయనకు చన్నీళ్లే గతి.

అందుకే వాళ్లు ఇల్లు చూడటానికి వచ్చిన రోజే ఎల్లమ్మ కచ్చితంగా చెప్పేసింది.

“ఉడుకు నీళ్ల నల్లా ముట్టొద్దు. ముగ్గురంటే ముగ్గురే ఉండాలె. మాట తప్పిన్రంటే ఖాళీ జెయ్యాలె.”

అంతకు ముందున్నవాళ్లను అలాగే పంపించింది కూడా. ఆ విషయంలో ఆమెకు మొహమాటమన్నది లేదు.

ఇవాళ పొద్దున కాసేపు ఉరిమినా, మధ్యాహ్నమంతా మాడు పగిలే ఎండ కాసింది. నీళ్లు కాగకపోవడమనేది ఉండదు. పైగా మధ్యాహ్నం నుంచీ పైన కుళాయి ఆగి ఆగి మోగుతూనే ఉంది. ఎల్లమ్మ చెవులారా విన్నది.

“ఇంకెవలు? పైనోళ్లే. ఎవలో నీళ్లు పోసుకున్నరు,” అంది పళ్లు కొరుకుతూ.

“పోనీ తియ్యే. గ్యాస్ మీద పెట్టు,” అన్నాడు బ్రహ్మచారి ముద్దముద్దగా.

పొయ్యి మీద గిన్నె పెట్టింది గానీ, నీళ్లకన్నా ముందు ఆమే కాగిపోయింది. మనిషి అలా వణుకుతూ కూర్చుంటే చూడలేక ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కాస్తా కోపమైంది. దయాకర్‌ను పిలిచి మేడ మీద ట్యాంకు చూసి రమ్మంది. తను ఆ వెనకే మెట్లెక్కి పై వాటా దగ్గర ఆగింది.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అద్దెకున్నవాళ్లలో పెద్దావిడ అమ్మన్నమ్మ విజయనగరంలో ఉన్న చెల్లెలితో ఫోన్‌లో గుసగుసలాడుతోంది. గుసగుస అని ఆవిడ అనుకుంటుంది గానీ, ఆ గొంతు వీధి చివరి దాకా వినిపిస్తుంది.

“ఒలే, మా కోడలు నీళ్లోసుకుందే. ఎవలికీ సెప్పకు. కింద ఇంటోళ్లకి తెలిస్తే ఇంకేటైనా ఉందా!”

ఎల్లమ్మ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. అమ్మన్నమ్మ చేతిలోంచి ఫోన్ మంచం మీద పడింది. గోడకు ఆనుకుని కూర్చున్న కోడలు సాయిదుర్గ గబుక్కున లేచింది. ఆఫీసుకు వెళ్లినట్టు లేదు, ఇంకా నైటీలోనే ఉంది. మొహం పాలిపోయింది. ముందు జుట్టంతా తడి. ఇంకే సాక్ష్యం కావాలి?

“అంత ఇన్న,” అంది ఎల్లమ్మ. “మీ అత్తను కాదు, నిన్నే అడుగుతున్న. నీళ్లు పోసుకున్నవా, లేదా?”

సాయిదుర్గ అత్త వైపు చూసింది. అత్త చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఇక దాచి లాభం లేదని ఆ పిల్లకు అర్థమైంది.

“పోసుకున్నానండి.”

“నాకు చెప్పకుండనే?”

“చెబుదామనే అనుకున్నాం ఆంటీ. భయమేసింది.”

“భయమున్నోళ్లు గీ పని జేస్తరా? మీ ఆయనకు సుత ఎరుకేనా?”

“ఆయనకు ముందే చెప్పానండి.”

“అంటే అందరు గల్సే జేసిన్రు!”

“పోనపాలి అందరికీ సెప్పుకుంటే కలిసిరాలేదమ్మా,” అంది అమ్మన్నమ్మ చేతులు జోడించి. “అందుకే ఈపాలి గప్‌చుప్‌గా ఉన్నాం.”

పోయినసారి కూడా ఇదే బాగోతమా! ఎల్లమ్మకు తల తిరిగిపోయింది.

“ముచ్చట మార్చకుండ్రి. ఇల్లు ఇచ్చేటప్పుడు ఏం చెప్పిన? చెప్పిన్నా, లేదా?”

“చెప్పారండి,” అంది సాయిదుర్గ.

“మరింకేంది? రేపే సామాన్లు సర్దుకోండ్రి.”

“ఆంటీ, ఇప్పుడు ఇల్లు మారకూడదంటారు. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“ఆషాఢమైతేంది, శ్రావణమైతేంది? నా ఇంట్ల మాత్రం ఉండొద్దు!”

సాయిదుర్గ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. ఏడుపు బయటికి రాకుండా పెదవులు బిగపట్టింది. ఎల్లమ్మ మనసు ఒక్క క్షణం మెత్తబడింది గానీ, కింద స్టూలు మీద వణుకుతున్న మనిషి గుర్తొచ్చి మళ్లీ గట్టిపడింది.

అప్పుడు మేడ మీదినుంచి దయాకర్ చేతులు దులుపుకుంటూ దిగి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“ఎందుకే లొల్లి? పొద్దుగాల ఉరిమినప్పుడు పైన స్విచ్ పడిపోయింది. ఇయ్యాల హీటర్ షురూనే కాలే. ట్యాంకుల నీళ్లన్ని పొద్దటి నుంచి సల్లగనే ఉన్నయ్.”

ఎల్లమ్మ ఒక్కసారి కొడుకు వైపూ, ఒక్కసారి నేల మీద కూర్చున్న పిల్ల వైపూ చూసింది. పరువు పోయినట్టయింది. అయినా ఓడిపోవడానికి ఆమె ప్రాణం ఒప్పుకోలేదు.

“ఉడుకు నీళ్లే లెవ్వంట. మరి నీళ్లు పోసుకున్నవా అంటే పోసుకున్న అంటివి గదనే, పిల్లా?”

సాయిదుర్గ ముంజేత్తో కళ్లు తుడుచుకుని తలెత్తింది.

“అవునండీ, నాకిప్పుడు మూడో నెల.”