షెడ్డు పాట మీద ఫిర్యాదు

“సార్, ముందు ఒక్క పాట వినండి. ఆ తర్వాత మా షెడ్డుకు తాళం వేస్తారో, చప్పట్లు కొడతారో మీ ఇష్టం,” అన్నాడు మెకానిక్.

మున్సిపల్ ఆఫీసరు బల్ల మీద నాలుగు పేజీల ఫిర్యాదు ఉంది. దాని పక్కనే కొత్త తాళం ఉంది. మెకానిక్ చూపు మాటిమాటికీ ఆ తాళం మీదికే పోతోంది. పక్క కుర్చీలో అతని కూతురు. సిటీ బస్సులో కండక్టరు, డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చేసింది. వాళ్ళకు ఎదురుగా, వెన్ను నిటారుగా పెట్టుకుని, ఫిర్యాదు ఇచ్చినావిడ కూర్చుంది. షెడ్డు గోడకు అవతలి ఇల్లు ఆవిడదే. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనా వీధి వీధంతా ఇప్పటికీ ఆవిడను బెత్తం టీచరనే అంటుంది.

మెకానిక్ కూడా ఒకప్పుడు ఆ బెత్తం రుచి చూసినవాడే. కారు ఇంజను ఊడదీసి అవలీలగా పక్కన పెట్టే మనిషి, ఆవిడ ఎదురుపడితే ఇవాళ్టికీ పక్క సందులోకి తప్పుకుంటాడు. అందుకే ‘మీకేమైనా ఇబ్బందిగా ఉందా అమ్మా’ అని గోడ పక్కన నిలబడి ఒక్క మాట అడగలేకపోయాడు. అడిగి ఉంటే వ్యవహారం ఇంతదాకా వచ్చేదే కాదు.

“సరే, వినిపించండి. తొందరగా,” అన్నాడు ఆఫీసరు.

మెకానిక్ ఫోను నొక్కాడు. గిటారు గరగరలాడింది, డ్రమ్ములు దబదబలాడాయి, వాటి మీదికి ఒక బొంగురు గొంతు ఎగిరి దూకింది. ఆఫీసరు ముఖం చిట్లించాడు.

“ఫోను పాడైందా?”

“లేదు సార్, గిటారు అలాగే మోగాలి.”

“పాడినావిడకు జలుబా?”

“నేనే సార్,” అంది కూతురు. “జలుబేం లేదు. రోజంతా స్టాపుల పేర్లు అరిచి అరిచి గొంతు అలా స్థిరపడిపోయింది.”

ఆ మాటతో మెకానిక్‌కు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఈ పాటలంటే చెవి కోసుకునే మనిషి. షెడ్డులో కంట్రీ, బ్లూస్, గరాజ్ రాక్ లాంటి అమెరికా పాటలు తప్ప ఇంకోటి మోగనివ్వడు. పాట మార్చమన్న కస్టమరును, ముందు మీ బండి మార్చుకోండని పంపేసిన ఘనుడు.

“అదే సార్ అసలు సంగతి! నున్నగా పాలిష్ పట్టిన పాటలు నాకు రుచించవు. వీటిల్లో మనిషి ఉంటాడు. పొలంలో నడుం విరిగినవాడు, రైలు పట్టాలు మోసినవాడు, ప్రేమించి చెడినవాడు, ఎవడి గోడు వాడు ఉన్నదున్నట్టు పాడేశాడు. తీగ మీద వేలు జారి కీచుమన్నా అదీ పాటే. గరాజ్ రాక్ అన్న పేరు ఎలా వచ్చిందనుకున్నారు? కుర్రాళ్ళు కార్ల షెడ్లలో వాయించుకుంటే వచ్చింది. ఆ షెడ్డుకే తాళం వేస్తే నా పిల్ల ఎక్కడికి పోవాలి?”

“నాన్నా, మెల్లగా,” అంటూ కూతురు అతని చెయ్యి పట్టుకుంది.

“మెల్లగా ఏంటే! ఇన్నేళ్ళూ ఎవరెవరివో పాటలు విన్నాను. ఇప్పుడు సొంత పాట నా షెడ్డులోనే పుట్టింది సార్. డ్రమ్ములు కొట్టేవాడు దర్జీ, ఇంకో గిటారు పోస్టుమ్యానుది. ముగ్గురిలో ఒక్కరూ సంగీతం స్కూలు గుమ్మం తొక్కలేదు. వచ్చే ఆదివారం టౌన్‌హాల్లో మొదటి కచేరీ. గేటుకు మా అమ్మాయి ఫొటో అంటించారు. నాకు దారి కాకపోయినా రోజూ అటువైపు నుంచే ఇంటికి పోతున్నాను.”

ఆఫీసరు నవ్వు ఆపుకుంటూ ఫిర్యాదు పైకెత్తి చూపించాడు. “అంతా బాగానే ఉందండీ, కానీ దీని సంగతేంటి? ముత్యాల్లాంటి అక్షరాలతో నాలుగు పేజీలు! ‘మా పక్క షెడ్డులో రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా గిటార్లూ డ్రమ్ములూ వాయిస్తారు’ అని మొదలుపెట్టారు. ఆ ఒక్క వాక్యం చాలదూ? ఇలాంటివి నెలకు నలభై వస్తాయి నాకు.”

“ఆదివారం దాకా అయినా ఆగండి సార్,” అంది కూతురు. గొంతు మరీ బొంగురుపోయింది. “మాకు ఇంకో చోటు లేదు. డ్రమ్ములనగానే అందరూ మొహం మీదే తలుపులు వేసేస్తున్నారు.”

ఆ గొంతు వినగానే మెకానిక్ పౌరుషం కాస్తా నీరుగారిపోయింది. తన కోసమైతే ఎవరినీ బతిమాలే రకం కాదు. లేచి వెళ్ళి టీచరు ముందు చేతులు కట్టుకుని, ఏడో తరగతిలో నిలబడ్డట్టే నిలబడ్డాడు.

“టీచరుగారూ, మీకు కష్టం కలగకూడదనే నెల కిందట గోడ పొడుగునా పాత పరుపులు కట్టించాను. షట్టరు కూడా సగం దించుతున్నాం. చాలదంటే ఇంకో వరస కడతాను, షట్టరు మొత్తం దించేస్తాం, ఉక్కపోసి చచ్చినా సరే. కానీ ఒక్క మాట. నా బిడ్డ పాట గోల కాదండీ. మీరు సున్నా వేసినా సరే, నా లెక్కలో దానికి నూటికి నూరు.”

అన్నాక అలవాటుగా అరచేతులు వెనక్కి దాచుకున్నాడు. బెత్తం టీచరుకు ఎదురు చెప్పడం జన్మలో అదే మొదలు. అయినా ఛాతీ మాత్రం పొంగే ఉంది. కూతురు తండ్రి వంక చూసి, యూనిఫాం చేతితో కళ్ళు తుడుచుకుంది.

ఆఫీసరు తాళం చేతిలోకి తీసుకున్నాడు. “ఏమంటారమ్మా? ఇంకో వరస పరుపులు కడితే సరిపోతుందా, తాళం వేయించమంటారా?”

బెత్తం టీచరు దిగ్గున లేచింది. ఫిర్యాదు అందుకుని, నాలుగో పేజీ తిప్పి, మెకానిక్ ముందు బల్ల మీద చరిచింది.

“ఉన్న పరుపులే తీసెయ్యమని రాశానురా, నెలరోజులుగా పాట సరిగ్గా వినపడి చావడం లేదు!”