రాణికి దురద

“అన్నా, నీ గుర్రాన్ని పట్టుకో! నా బండి ఖరాబు చేస్తున్నది!”

వేణు కేకకు మహేష్ పరుగున బయటికొచ్చాడు. ఎదురింటి వేణు కొత్తగా కొన్న బైకుకు డొక్క ఆనించి, కళ్లు అరమోడ్చి, రాణి హాయిగా రుద్దుకుంటోంది. నల్లటి ట్యాంకు మీద తెల్లటి చారలు పడ్డాయి.

“మాఫ్ చెయ్యి తమ్మీ, తుడుస్త. దానికి దురద లేసింది,” అన్నాడు మహేష్, భుజం మీది తువ్వాలతో చారలు తుడుస్తూ.

బోధన్‌లో పదేళ్లు ఆటో తోలిన మహేష్, ఆటో అమ్మేసి, పోయిన వారమే నాందేడ్ దిక్కు సంతలో ఈ పెళ్లి గుర్రాన్ని కొన్నాడు. మల్లెపువ్వులాంటి తెలుపు. రేపే మొదటి బరాత్, చందూర్‌లో. “గుర్రం తెల్లగుండాలె. లేకుంటే అటే వాపస్,” అని పెళ్లికొడుకు తండ్రి ఫోన్లో మూడుసార్లు చెప్పాడు. సరిగ్గా ఇప్పుడే, మూడు రోజుల నుంచి ఈ దురద!

మొదటిరోజు కలబంద గుజ్జు పూశాడు. రాణి గోడకు రుద్దుకుంది. రెండోరోజు కొబ్బరినూనెలో పసుపు కలిపి మెడకు పట్టించాడు. అరచేతుల నిండా తెల్లటి పొట్టు అంటుకుంది. ఇవాళ పొద్దున పుల్లమజ్జిగ పూస్తే, పూసినచోట అప్పడమంత మచ్చ తేలింది.

అతని భార్య గోదావరి బీడీల చాట పక్కన పెట్టి వచ్చి చూసింది.

“గుర్రాలకు గూడ చుండ్రు వస్తదా? ఆటో ఉన్నప్పుడు గీ బాధ లేకుండె.”

మహేష్‌కు ఏడుపొక్కటే తక్కువైంది. పూసినవన్నీ దారిలో చెప్పుకుంటూ పక్కవీధిలోని రాధాబాయిని పిలుచుకొచ్చాడు. ఆమె తండ్రి టాంగా తోలేవాడు. గుర్రాల మధ్యే పెరిగిన ముసలమ్మ.

రాధాబాయి రాణిని వాసన చూసింది. మెడ మీద గోటితో గీకి, ఆ గోటిని ఎండలో పెట్టి చాలాసేపు చూసింది.

“తానం ఎప్పుడు పోసినవ్?”

“పోయలే అవ్వా. జాతి గుర్రమట, నీళ్లు తాకితే జెరమొస్తదట. అమ్మినాయన ఒట్టు వెట్టించుకున్నడు.”

“కరిగిపోనీకి అదేమన్న శక్కర బొమ్మనా? వేపాకు తెంపుకరా. గుండిగెడు నీళ్లల్ల మసలవెట్టు. సల్లారినంక నేను పోస్త.”

“అవ్వా, రేపు పెళ్లి...”

“పసుపంటివి, నూనంటివి, మజ్జిగంటివి! నువ్వు గుర్రానికి మందేస్తున్నవా, పోపేస్తున్నవా?”

మహేష్ వేపాకు తెంపుకొచ్చాడు. నీళ్లు కాగి చల్లారాయి. రాధాబాయి కొబ్బరిపీచు చేతబట్టి, కొంగు నడుముకు బిగించింది. రాణి ఒంటి మీద నీళ్లు పడటం చూసే ధైర్యం లేక, అతను అద్దాల జీను గుడ్డ కొనడానికి బజారుకు పోయాడు. దారిలో ఎవరు తుమ్మినా రాణి తుమ్మినట్టే అనిపించింది.

పొద్దు వాలే వేళకు గుడ్డ చంకన పెట్టుకొని కొట్టంలోకి అడుగు పెట్టాడు. గూటానికి నిగనిగలాడే నల్లగుర్రం ఒకటి కట్టేసి ఉంది. తోక ఊపుకుంటూ, నింపాదిగా చెరకు ఆకు నములుతోంది.

“దొంగలు పడ్డరు! అవ్వా, నా రాణేది? గీ నల్లది ఎవ్వరిది?”

రాధాబాయి కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నీదే బిడ్డా, రంగు కడిగిన.”